నిన్న ఏం తిన్నావు? పాఠం ఇక్కడ మొదలవ్వాలి

(ఏజెన్సీ గ్రామాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలకు ఆరోగ్య పాఠాలు చెప్తున్న యువతీ యువకుల కోసం చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే ఉంచి, చదువుకోడానికి వీలుగా అక్కడక్కడ సరిచేశాం.)



మీలో కొందరు డిగ్రీ చదువుతున్నారు. కొందరు నర్సింగ్ చేశారు. కొందరు చదువు మధ్యలో ఆపేసి ఊళ్లోనే ఉండి, సాయంత్రం పూట పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తున్నారు. పౌష్టికాహారం గురించి, ఆరోగ్యం గురించి పిల్లలకు ఎలా చెప్పాలి అని అడిగారు. దాని మీదే మాట్లాడతాను.

ముందు మన బడి గోడ మీద ఉన్న చార్టు గుర్తు తెచ్చుకోండి. దాదాపు ప్రతి బడిలో ఒకటి ఉంటుంది. యాపిల్, ద్రాక్ష, గ్లాసు నిండా పాలు, క్యారెట్, జున్ను ముక్క. కింద "సమతుల ఆహారం" అని రాసి ఉంటుంది. పిల్లలు ఆ మాట బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, మార్కులు కూడా వస్తాయి. ఇంటికెళ్లి చోడి అంబలి తాగుతారు. ఆ చార్టుకీ ఆ గిన్నెకీ సంబంధం ఉందని ఎవరూ చెప్పరు. చెప్పకపోగా, చార్టు మీద ఉన్నదే మంచి తిండి, మా ఇంట్లో ఉన్నది లేనివాళ్ల తిండి అని ఆ పిల్లకి అర్థమవుతుంది. పౌష్టికాహారం పాఠం ఆ పిల్లకి నేర్పింది ఒక్కటే, సిగ్గు పడడం.

మరి ఏం నేర్పాలి? అది చెప్పే ముందు మన సరిహద్దు పక్కన జరిగిన ఒక సంగతి చెప్తాను.

2001 ఆగస్టులో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడి టెంక అంబలి తాగిన ఆదివాసులు చనిపోయారు. రాయగడ అంటే మన పార్వతీపురం మన్యం పక్క జిల్లానే. టెంక పగలగొట్టి, లోపలి జీడి ఎండబెట్టి, దంచి, నీళ్లలో నానబెట్టి వగరు తీసి అంబలి కాయడం మన పెద్దవాళ్లకి తెలిసిన పనే. కానీ వానల్లో తడిసి బూజు పట్టిన జీడి విషం. చనిపోయిన తర్వాత గొడవ మొదలైంది. ప్రభుత్వం అంది, పాడైన తిండి తిన్నారు, ఇది ఆకలి చావు కాదు అని. హక్కుల సంఘాలు అడిగాయి, ఇంట్లో బియ్యం ఉంటే పాడైన టెంక ఎవరు తింటారు అని. మళ్లీ 2024లో ఒడిశాలోనే కంధమాల్ జిల్లాలో టెంక అంబలి తాగి మహిళలు చనిపోయారు. ఇరవై మూడేళ్ల తర్వాత అదే తిండి, అదే చావు.

దీన్నుంచి పిల్లలకి ఏ పాఠం చెప్తారు? "బూజు పట్టినది తినకూడదు, బూజులో విషం ఉంటుంది" అని చెప్పి ఊరుకుంటే సగం పాఠం. "ఆకలి చావులకి ప్రభుత్వానిదే బాధ్యత" అని చెప్పి ఊరుకున్నా సగం పాఠమే. మొదటి సగం మాత్రమే చెప్తే, చచ్చినవాడిదే తప్పు అని నేర్పినట్టు. రెండో సగం మాత్రమే చెప్తే, రేపు ఇంట్లో బూజు పట్టిన వేరుశనగ కనబడినప్పుడు ఆ పిల్ల ఏం చెయ్యాలో తెలీదు. రెండు సగాలూ కలిపి చెప్పగలిగినవాళ్లే మన పిల్లలకి కావాలి. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి సగంతో మొదలుపెడదాం.

క్లాసులోకి వెళ్లగానే చార్టు తియ్యకండి. "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఏమేం తిన్నావు?" అని అడగండి. నీళ్లు, టీ, సంతలో కొన్న బిస్కెట్, చెట్టు మీంచి దులుపుకున్న నేరేడు పండు, అన్నీ చెప్పమనండి. నేల మీద సున్నంతో పెద్ద పళ్లెం గీయండి. దాన్ని మూడు భాగాలు చెయ్యండి. ఒకదాంట్లో బలం ఇచ్చేవి: వరి, చోడి, సామ, కొర్ర, జొన్న, దుంపలు, నూనె. రెండోదాంట్లో ఒళ్లు పెంచేవి: కంది, ఉలవ, రాజ్మా, చిక్కుడు గింజలు, గుడ్డు, చేప, మాంసం, పీతలు, నత్తలు. మూడోదాంట్లో జబ్బు రాకుండా కాపాడేవి: ఆకుకూరలు, కూరగాయలు, పళ్లు. పిల్లలు తిన్న ఒక్కోదానికి ఒక్కో గులకరాయి ఆ భాగంలో పెట్టమనండి.

అరగంటలో అందరికీ కనబడుతుంది. మొదటి భాగంలో రాళ్లు గుట్టగా పడతాయి. రెండో భాగంలో నాలుగైదు, మూడో దాంట్లో ఇంకా తక్కువ. ఇది మీరు చెప్పక్కర్లేదు. పిల్లలే "ఇక్కడ ఖాళీగా ఉందేంటి?" అంటారు. ఆ ప్రశ్న వాళ్ల నోట్లోంచి వచ్చాక మీ పాఠం మొదలవుతుంది.

పేర్లు వాళ్ల భాషలో రాయండి. కువి, కోయ, గోండి, సవర, ఆదివాసీ ఒరియా, ఏది ఇంట్లో మాట్లాడితే ఆ భాషలో ఆ ఆకు పేరు, ఆ దుంప పేరు తెలుగు లిపిలో బోర్డు మీద పెట్టండి. తెలుగులో పేరే లేని ఆకులు మన కొండ మీద ఎన్నో ఉన్నాయి. బోర్డు మీద తన ఇంటి మాట చూసిన పిల్లవాడు అప్పటిదాకా నోరు విప్పనివాడు కూడా చెయ్యెత్తుతాడు.

తర్వాత ఏడాది క్యాలెండర్ వెయ్యించండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, తర్వాత తునికి పండ్లు. మే, జూన్‌లో మామిడి, పనస, నేరేడు. తొలకరి తర్వాత పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు, అడవి ఆకుకూరలు. దసరా తర్వాత సామ, చోడి, సీతాఫలం. చలికాలంలో కందులు, రాజ్మా, ఉసిరి. ఏ నెలలో ఏది దొరుకుతుందో పిల్లలు ఇంట్లో అవ్వని, తాతని అడిగి రాసుకురావాలి. ఆ పనితో రెండు లాభాలు. పెద్దవాళ్ల తెలివి నోట్ బుక్కులోకి ఎక్కుతుంది. ఏ నెలలు ఖాళీగా ఉంటాయో కూడా బయటపడుతుంది. ఆషాఢం, శ్రావణం మన దగ్గర పాత గింజ అయిపోయి కొత్త గింజ రాని రోజులు. కాశీపూర్ చావులు ఆగస్టులో ఎందుకు జరిగాయో ఆ క్యాలెండర్ చూసి పిల్లలే చెప్పగలుగుతారు.

ఇక్కడ కొన్ని లెక్కలు మీ దగ్గర ఉండాలి. వంద గ్రాముల చోడిలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. వంద గ్రాముల తెల్ల బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండడం కష్టం. ఎముకలకి, పళ్లకి కావలసింది కాల్షియమే. ఉలవల్లో వందకి ఇరవై గ్రాములకి పైగా మాంసకృత్తులు ఉన్నాయి. మునగాకు, తోటకూర, గోంగూర, చేమాకు లాంటి ముదురాకుపచ్చ ఆకుల్లో కంటిచూపుకి కావలసిన విటమిన్ ఎ తయారయ్యే పదార్థం ఉంది. అది చాలినంత లేకపోతే రేచీకటి వస్తుంది. ఉసిరిలో విటమిన్ సి బత్తాయిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. యాపిల్ కోసం ఏడవక్కర్లేదని పిల్లలకి ధైర్యంగా చెప్పొచ్చు.

అవ్వల తెలివిలో ఎంత శాస్త్రం ఉందో కూడా చెప్పండి. కొన్ని అడవి దుంపలు పచ్చివి తింటే విషం. వాటిని ముక్కలు కోసి, పారే నీళ్లలో ఉంచి, మళ్లీ ఉడికించి, నీళ్లు పారబోసి తింటారు. విషం నీళ్లలో కరిగి పోతుందని పుస్తకంలో చదవకుండానే మన వాళ్లు కనిపెట్టారు. సైన్స్ క్లాసులో కరగడం, వడపోత చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ చెప్పండి. పిల్లలు ఆ పాఠం జన్మలో మర్చిపోరు.

తెల్ల బియ్యం గురించి ఒక చరిత్ర ఉంది, అదీ చెప్పాలి. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా. అది 1918లో తమిళనాడు కూనూరులో ఒక్క గదిలో మొదలైంది. ఎందుకు మొదలుపెట్టారో తెలుసా? బెరిబెరి అనే జబ్బు మీద పరిశోధన చెయ్యడానికి. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు వాచి, గుండె దెబ్బతినే జబ్బు అది. మిల్లులో బాగా పాలిష్ పట్టిన బియ్యమే తినేవాళ్లకి వచ్చేది. తవుడుతో పాటు బి1 విటమిన్ పోవడమే కారణం. తెల్లగా ఉన్నది గొప్పది, నల్లగా ఉన్న చోడి తక్కువది అన్న నమ్మకానికి ఆ చరిత్రే జవాబు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇప్పుడు పట్నంలో అవే సామలు, కొర్రలు ప్యాకెట్లలో పెట్టి మనం ఊహించని ధరకి అమ్ముతున్నారు. మన పిల్లలు మాత్రం బడికి చోడి అంబలి సీసాలో పట్టుకెళ్లడానికి సిగ్గు పడుతున్నారు.

అయితే ఒక జాగ్రత్త. మన తిండి గొప్పదని చెప్పే ఉత్సాహంలో అబద్ధాలు చెప్పకండి. పొద్దున్నా రాత్రీ అంబలి ఒక్కటే తాగితే అది చాలదు. ఆరు నెలలు నిండిన పసిబిడ్డకి పల్చటి అంబలి నీళ్లు పోస్తే కడుపు నిండుతుంది, బిడ్డ పెరగదు. చిక్కగా కాచి, పప్పు నలిపి, చుక్క నూనె వేసి పెట్టాలి. కొన్ని ఊళ్లలో కడుపుతో ఉన్న ఆడవాళ్లని తక్కువ తినమంటారు, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుందని. ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకి తెలుసు. రోడ్డు లేదు, డోలీలో మోసుకెళ్లాలి, కాన్పు అడ్డం తిరిగితే దారిలోనే ప్రాణం పోతుంది. ఆ భయాన్ని ఎగతాళి చెయ్యొద్దు. కానీ తక్కువ తింటే తల్లికి రక్తం తగ్గుతుంది, బిడ్డ బరువు తక్కువతో పుడుతుంది అని మాత్రం స్పష్టంగా చెప్పాలి.

ఇప్పుడు రక్తహీనత గురించి. మన ఆడపిల్లల చదువుని, పెళ్లిని, కాన్పుని అన్నిటినీ పట్టి లాగుతున్న సమస్య ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి. ఇది దేశం మొత్తం లెక్క. మన హాస్టల్ గదిలో పదిమంది అమ్మాయిలు ఉంటే ఎంతమందికి ఉండొచ్చో మీరే ఊహించుకోండి.

పిల్లలకి ఎలా చెప్పాలి? "ఐరన్ లోపం వల్ల హీమోగ్లోబిన్ తగ్గుతుంది" అంటే వాళ్లకి పట్టదు. గెడ్డ దగ్గర్నుంచి బిందె నీళ్లు మోసుకొచ్చేటప్పుడు ఆయాసం వస్తోందా? గట్టు ఎక్కితే గుండె దడదడలాడుతోందా? మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూతలు పడుతున్నాయా? కింది కనురెప్ప లోపల ఎర్రగా ఉందా, తెల్లగా పాలిపోయిందా? ఇలా అడగండి. ఒంట్లో ఊపిరిని మోసుకెళ్లే కూలీలు తగ్గిపోతే ఉన్న కొద్దిమంది మీద బరువు పడుతుంది, గుండె ఎక్కువ పరిగెత్తాలి. ఇది వాళ్లకి అర్థమవుతుంది.

తర్వాత అంకె చెప్పండి. పన్నెండేళ్లు దాటిన అమ్మాయికి హీమోగ్లోబిన్ 12 ఉండాలి. ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లలకి 11.5. పదిహేనేళ్లు దాటిన అబ్బాయికి 13. ఎనిమిదికన్నా తగ్గితే ప్రమాదం, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ప్రతి అమ్మాయికి తన ఊరి పేరు, రోల్ నంబరు ఎలా తెలుసో తన రక్తం అంకె కూడా అలా తెలియాలి. ఏఎన్ఎం పరీక్ష చేసినప్పుడు ఆ అంకె అడిగి తీసుకోమనండి. చాలాసార్లు రిజిస్టర్లో రాసుకుని వెళ్లిపోతారు, పిల్లకి చెప్పరు. తన ఒంటి లెక్క తెలుసుకోవడం ఆ పిల్ల హక్కు. అయితే ఆ అంకెని పదిమంది ముందు చదవొద్దు. బరువు చూసినా, ఎత్తు కొలిచినా అంతే. "బక్కది", "రక్తం లేనిది" అని పేరు పడితే ఆ పిల్ల మళ్లీ పరీక్షకి రాదు.

బడిలో వారానికోసారి ఐరన్ మాత్ర ఇస్తారు. పెద్ద పిల్లలకి నీలం రంగు, చిన్న పిల్లలకి గులాబీ రంగు. మన పిల్లలు చాలామంది వాటిని కిటికీలోంచి పారేస్తారని అందరికీ తెలుసు. వికారం వస్తుంది, దొడ్డికి నల్లగా అవుతుంది, భయం వేస్తుంది. ఎందుకు అవుతుందో ముందే చెప్తే పారెయ్యరు. పరగడుపున వద్దు, అన్నం తిన్నాక వేసుకోవాలి. మలం నల్లగా రావడం మామూలే. మాత్ర వేసుకున్నప్పుడు, అన్నం తిన్నప్పుడు టీ తాగొద్దు, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఉసిరికాయ ముక్కో, నిమ్మరసమో, జామకాయో తింటే బాగా పడుతుంది. పప్పులో ఉసిరి వేసి వండే అలవాటు ఉన్న ఇల్లు ఐరన్ మాత్రకి సగం పని తగ్గించినట్టే.

రక్తం తగ్గడానికి తిండి ఒక్కటే కారణం కాదు. కడుపులో పురుగులుంటే అవి తాగేస్తాయి. అందుకే ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో, నులిపురుగుల మందు ఇస్తారు. మలేరియా వస్తే రక్తకణాలు పగిలిపోతాయి. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష, మొత్తం కోర్సు మందులు, దోమతెర. వీటిల్లో ఏది వదిలేసినా ఎంత తోటకూర తిన్నా లాభం లేదు.

ఇంకొకటి సికిల్ సెల్. మన ఆదివాసీ కుటుంబాల్లో ఎక్కువగా కనబడే జబ్బు ఇది. తల్లిదండ్రుల నుంచి వస్తుంది. అంటుకోదు. శాపం కాదు. రక్తకణం గుండ్రంగా ఉండాల్సింది కొడవలిలా వంగిపోతుంది, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది, భరించలేని నొప్పులు వస్తాయి. అమ్మా నాన్నా ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది, నలభై ఏళ్ల లోపు వాళ్లందరికీ గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చెయ్యాలి. మీ ఊళ్లో చేశారా? కార్డులు ఇచ్చారా? అడగండి. ఈ జబ్బు ఉన్న పిల్లని "సోమరి, పనికి వంకలు పెడుతుంది" అని తిట్టే టీచర్లు, వార్డెన్లు ఉంటారు. ఆ పిల్లకి నీళ్లు ఎక్కువ తాగాలి, చలికి కప్పుకోవాలి, నొప్పి వస్తే ఆస్పత్రికి వెళ్లాలి అని తోటి పిల్లలకి చెప్పి పెడితే వాళ్లే కాపాడుకుంటారు. ఐరన్ ఆ జబ్బుకి మందు కాదు. అలాంటి పిల్లకి ఏ మాత్ర ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. మీరు టీచర్లు, డాక్టర్లు కాదు. మందు చీటీ రాసే పని పెట్టుకోకండి.

మీరు చేతులతో నేర్పగలిగినవి చాలా ఉన్నాయి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. పిల్లల చేత కలిపించండి, రుచి చూపించండి. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఐదో తరగతి పిల్ల ఇది నేర్చుకుంటే ఇంట్లో చంటి తమ్ముణ్ణి కాపాడగలదు. అంగన్‌వాడీ టీచరు దగ్గర జబ్బ కొలిచే టేపు ఉంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకి జబ్బ చుట్టుకొలత పన్నెండున్నర సెంటీమీటర్లకి తగ్గితే లోపం, పదకొండున్నరకి తగ్గితే తీవ్రమైన లోపం. పెద్ద పిల్లలు ఈ లెక్క నేర్చుకుని తమ వీధిలో బిడ్డల్ని కొలిస్తే ఊరి పరిస్థితి ఊరికే తెలుస్తుంది.

ఇక రెండో సగం. తిండి హక్కు.

2001 ఏప్రిల్‌లో పీయూసీఎల్ సుప్రీంకోర్టులో కేసు వేసింది. గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే జనం ఆకలితో ఎందుకు చావాలి అన్నది ప్రశ్న. అదే ఏడాది నవంబర్ 28న కోర్టు ప్రతి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. చూడండి, ఒకే సంవత్సరం. ఆగస్టులో కాశీపూర్, నవంబర్‌లో ఈ ఆదేశం. మధ్యాహ్నం బడిలో పిల్లలు తినే అన్నం ఎవరో దయ తలచి పెట్టింది కాదు. తర్వాత 2013 ఆహార భద్రత చట్టం దాన్ని హక్కు చేసింది.

ఈ హక్కుని లెక్కల క్లాసులో నేర్పండి. చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లకి మధ్యాహ్న భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు రావాలి. ఆరు నుంచి ఎనిమిదికి 700 కేలరీలు, 20 గ్రాములు. దానికోసం చిన్న పిల్లకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. పెద్ద పిల్లకి బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర. ఇప్పుడు లెక్క: బడిలో నలభై మంది చిన్న పిల్లలున్నారు, ఇవాళ ఎంత పప్పు వండాలి? నలభై ఇంటూ ఇరవై, ఎనిమిది వందల గ్రాములు. కూరగాయలు రెండు కిలోలు. నూనె రెండొందల గ్రాములు. ఇవాళ ఎంత వండారు? నాలుగో తరగతి పిల్లలు చెయ్యగలిగే లెక్క ఇది. దాన్ని చేసిన పిల్లలు నీళ్ల పప్పు పోస్తే నోరు మూసుకుని తినరు.

ఇంకా ఏం ఉందంటే, భోజనం వడ్డించే ముందు కనీసం ఒక టీచరుతో సహా పెద్దవాళ్లు రుచి చూడాలి. ఏ రోజైనా భోజనం పెట్టకపోతే ఆ పిల్లలకి భత్యం ఇవ్వాలి. వరసగా మూడు బడి రోజులు, లేదా నెలలో ఐదు రోజులు పెట్టకపోతే ఎవరు బాధ్యులో తేల్చాలి. భత్యం, బాధ్యత తేల్చడం గురించి 2015 నిబంధనల్లో ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మెనూలో గుడ్డు ఉంది. గుడ్డు ఏ ఏ రోజుల్లో ఇవ్వాలో గోడ మీద రాసి ఉండాలి. ఒక నోట్ బుక్కులో పిల్లలే తేదీ వేసి రోజూ రాయాలి: ఏం పెట్టారు, గుడ్డు వచ్చిందా, ఎంతమంది తిన్నారు. నెల తిరిగాక ఆ పుస్తకం పేరెంట్స్ కమిటీ ముందు, గ్రామసభ ముందు పెట్టండి. "భోజనం బాగాలేదు" అని అరిస్తే అధికారి సర్దిచెప్పి పంపేస్తాడు. ముప్పై రోజుల లెక్క ముందు పెడితే అలా పంపెయ్యడం కుదరదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తున్నా. వంట చేసే అక్కతో గొడవ పెట్టుకోకండి. ఆమె మన ఊరి మనిషే. ఆమెకిచ్చే గౌరవ వేతనం చాలా తక్కువ, అదీ నెలల తరబడి రాదు. బిల్లులు రాకముందే అప్పు చేసి కూరగాయలు తెస్తుంది. పప్పు పల్చబడింది అంటే ముందు ఆమెని అడగండి, సరుకు ఎంత వచ్చింది, బిల్లు ఎప్పుడు వచ్చింది అని. చాలాసార్లు మీ నోట్ బుక్కుకి మొదటి సాక్షి ఆమే అవుతుంది.

హాస్టల్‌కీ ఇదే పద్ధతి. ఆశ్రమ పాఠశాలలో పిల్ల మూడు పూటలూ అక్కడే తింటుంది కాబట్టి అక్కడ ఆరోగ్య పాఠం అంటే వంటగది, తాగేనీళ్లు, మరుగుదొడ్డి, జ్వరం వస్తే ఎవరు తీసుకెళ్తారు అన్నవే. సబ్బు లేని చోట చేతులు కడుక్కోమని పాఠం చెప్పడం వెక్కిరింత. ముందు సబ్బు అడగండి, తర్వాత పాఠం చెప్పండి.

ఇంకో మెట్టు కిందికి దిగుదాం. పిల్లలు గీసిన పళ్లెంలో రెండో భాగం ఎందుకు ఖాళీగా ఉంది? పాడేరు, చింతపల్లి వైపు చూడండి. రాజ్మా పండించేది మనమే. పిల్లలకి కావలసిన మాంసకృత్తులు అందులోనే ఉన్నాయి. కానీ బస్తా బస్తా సంతకెళ్లిపోతుంది. ఆ డబ్బుతో నూనె, ఉప్పు, బట్టలు, అప్పు. చివర్లో పిల్లకి ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్. అమ్మకి తెలివి లేక అమ్ముకోలేదు, అవసరం ఉండి అమ్ముకుంది. "మీ అమ్మకి పౌష్టికాహారం గురించి తెలీదు" అని ఏ పిల్లతోనూ అనకండి. ఏడాది పొడుగునా ఇంట్లో పిల్లలకి ఒక డబ్బా గింజలు పక్కన పెట్టుకుందామా అని ఆ అమ్మతోనే కూర్చుని మాట్లాడండి.

పోడులో ఒకే చెక్కలో సామ, చోడి, కంది, జొన్న, ఒలిసెలు, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసేవాళ్లు. అది పొలమూ, పళ్లెమూ రెండూ. ఆ భూమికి పట్టా లేకపోతే, అడవిలోకి వెళ్తే కేసు పెడితే, జీడితోటో, యూకలిప్టస్సో ఆ చెక్కని ఆక్రమిస్తే పళ్లెంలో రంగులు పోతాయి. 2006 అటవీ హక్కుల చట్టం సాగుభూమి మీదే కాదు, చిన్న తరహా అటవీ ఫలసాయం మీద, ఊరుమ్మడి అడవి మీద కూడా హక్కు ఇచ్చింది. ఇప్పపువ్వు ఏరుకునే హక్కు, దుంప తవ్వుకునే హక్కు, తేనె తీసుకునే హక్కు, ఇవి ఆరోగ్య హక్కులే. పదో తరగతి పిల్లలకి ఈ చట్టం పౌరశాస్త్రంలో కాకుండా పౌష్టికాహారం పాఠంలో చెప్పి చూడండి. వెంటనే ఎక్కుతుంది.

ఆశ ఉన్న చోటు కూడా చూపించాలి. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తున్నారు. సారాకే పనికొస్తుందని పక్కనపెట్టిన పువ్వుని పిల్లల తిండిగా మళ్లీ నిలబెట్టారు. మన బడుల వెనక ఖాళీ జాగా ఉంటే నాలుగు మునగ చెట్లు, రెండు బొప్పాయి, ఒక కరివేపాకు, రెండు మళ్ల తోటకూర వెయ్యడానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు. మునగ కొమ్మ గుచ్చితే చాలు, బతుకుతుంది.

చివరగా పని. ఇక్కణ్ణుంచి వెళ్లాక నెల రోజుల్లో మూడు పనులు చెయ్యండి. ఒకటి, మీ బడిలో ఒక్క క్లాసుతో నేల మీద పళ్లెం గీయించి, రాళ్లు పెట్టించండి. ఫొటో తియ్యడానికి కాదు, లెక్క రాసుకోడానికి. రెండు, పిల్లల చేతే భోజనం నోట్ బుక్ మొదలుపెట్టించండి, ఒక్క రోజు కూడా వదలకుండా. మూడు, మీ ఊళ్లో పన్నెండేళ్లు దాటిన ప్రతి అమ్మాయికి తన హీమోగ్లోబిన్ అంకె తెలిసేలా ఏఎన్ఎం అక్కతో, ఆశ అక్కతో మాట్లాడి పరీక్ష పెట్టించండి. మళ్లీ కలిసినప్పుడు ఉపన్యాసం ఉండదు. మీ నోట్ బుక్కులు ముందు పెట్టుకుని కూర్చుందాం. ఏ ఊళ్లో ఏ భాగం ఖాళీగా ఉందో చూసి, ఎవర్ని ఏం అడగాలో అప్పుడు నిర్ణయిద్దాం.

జోహార్.